సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, కారుకు వణుకు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా స్పోర్ట్స్ కారుకు 44వ నంబరు హైవే మీద తిరుగులేదు. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఆగితే మాత్రం ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు 800 నుంచి 500కు జారి, స్టీరింగ్ గడగడ వణికేది. ఎప్పుడు ఆగిపోతుందోనని బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాణ్ణి.

ప్లగ్గులు, కాయిల్స్ మార్చేద్దామన్నాడు మెకానిక్. ఎవరైనా ముందు అనేది అదే! ఇంజిన్ కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టమన్నాను. పి0171 కోడ్ వచ్చింది: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, ఫ్యూయల్ ట్రిమ్ (ఆ లోటు పూడ్చడానికి కంప్యూటర్ అదనంగా పోసే పెట్రోలు) +22 శాతం. 2,500 ఆర్‌పీఎంకు రేజ్ చేస్తే +5కు దిగింది. గుట్టంతా అక్కడే ఉంది. పెట్రోలు పంపు నీరసిస్తే లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరగాలి. ఐడిల్‌లోనే ఎక్కువగా ఉందంటే, గాలిని కొలిచే సెన్సర్ లెక్కకు అందని గాలి దొంగదారిన దూరుతోందన్నమాట. గాలిని లోపలికి వదిలే తలుపు, అదే త్రాటిల్, మూసి ఉన్నప్పుడు మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) పీల్పు బలంగా ఉంటుంది కాబట్టి చిన్న పగులైనా చాలు.

గాలి దారిలోకి పొగ పంపి లీకు వెతికే స్మోక్ టెస్ట్‌లో, ఇంజిన్ లోపల చేరే ఆవిర్లను తిరిగి మ్యానిఫోల్డ్‌కు పంపే పీసీవీ గొట్టం వంపు దగ్గర సన్నగా పొగ లేచింది. ఊడదీసి వంచితే రబ్బరు అప్పడంలా పటుక్కున విరిగింది. కొత్త గొట్టం, క్లిప్పులు వేసి, త్రాటిల్ బాడీ తుడిచి, కోడ్ చెరిపేశాం. ట్రిమ్ +2కు వచ్చింది. ఏసీ వేసినా వణుకు లేదు.