అనంతపురంలో పీజీ: రెండు విశ్వవిద్యాలయాలు, రెండు దరఖాస్తులు

అనంతపురం చేరువలో పీజీ చదవడానికి 1981లో విశ్వవిద్యాలయమైన శ్రీకృష్ణదేవరాయ ఉంది, 2018లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయమూ ఉంది. ఒకదానికి పెట్టిన దరఖాస్తు రెండోదానికి చెల్లదు. రెండూ పెట్టుకోవడమే తెలివి.

ముందుగా వచ్చేది కేంద్రీయ విశ్వవిద్యాలయం వంతు. దాని ప్రవేశపరీక్ష సీయూఈటీ పీజీ (దేశంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరీక్ష) 2024లోనూ 2025లోనూ మార్చిలోనే మొదలైంది. డిగ్రీ ఆఖరి సెమిస్టర్ సగంలో ఉండగానే గడువు దాటిపోతుందన్నమాట. 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. స్కోరు వచ్చాక సీటు దానంతటదే రాదు. విశ్వవిద్యాలయం పోర్టల్‌లో మళ్లీ నమోదు చేసుకోవాలి. చాలామంది జారిపోయేది ఈ మెట్టు మీదే.

ఇంకో చిక్కు కులధ్రువీకరణ. మా బంధువులమ్మాయి మీసేవలో తీసుకున్న బీసీ పత్రాన్నే జతచేసింది. కేంద్రీయ విశ్వవిద్యాలయానికి కావలసింది కేంద్ర నమూనాలోని ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్నశ్రేణికి చెందని బీసీలకిచ్చే) పత్రం. ఆఖరి రెండు రోజులు తహసీల్దారు కార్యాలయం మెట్ల మీదే గడిచాయి. ఇది నోటిఫికేషన్‌కు ముందే తెచ్చి పెట్టుకోండి.

శ్రీకృష్ణదేవరాయలో సీటుకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశపరీక్ష ఏపీ పీజీసెట్ రాయాలి. 2025లో ఇది జూన్‌లో జరిగింది. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పులకు కోత లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి. ర్యాంకు వచ్చాక ధ్రువపత్రాల పరిశీలన, ఆపైన వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీలు, కోర్సులు ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకోవడం. నిజంగా కావలసిన కోర్సునే మొదట పెట్టాలి. "ఎలాగూ రాదులే" అని కిందికి నెడితే, పైన పెట్టిందే అంటగడతారు.

పోటీ ఎక్కడ ఎక్కువ? పీజీసెట్ ర్యాంకును సీయూఈటీ స్కోరుతో పోల్చి తేల్చలేం. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 85 శాతం సీట్లు స్థానికులవి. రాయలసీమ పిల్లలకు ఇది పెద్ద అండ. కేంద్రీయంలో ఆ కోటా లేదు, దేశమంతా పోటీదారే.

ఖర్చు దరఖాస్తు దగ్గరే మొదలవుతుంది. పీజీసెట్ రుసుము 2025లో ఓసీలకు 850, బీసీలకు 750, ఎస్సీ, ఎస్టీలకు 650 రూపాయలు. సీయూఈటీ రుసుము దీనికంటే ఎక్కువే. సీటు వచ్చాక మాత్రం కోర్సు ఫీజు ఒక్కటే చూసుకుంటే సరిపోదు. రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్స్ సీటా అన్నది అలాట్‌మెంట్ పత్రంలో చూసుకోండి, ఖర్చు విద్యార్థే భరించే ఆ రెండో దాని ఫీజు బరువు ఎక్కువ. హాస్టల్, మెస్ బిల్లు కూడా కలిపి లెక్కించండి. పట్టణంలో ఇల్లుండి రోజూ బస్సులో వెళ్లివచ్చే వీలుంటే, ఆ లెక్క చాలా తేలికపడుతుంది.