నెలల తరబడి ఊరు విడిచి ఉండేటప్పుడు గాలం సరంజామాను తేలికగా సర్దుకోవడం ఎలా?

రెండు రోజుల ప్రయాణానికి గాలం సరంజామా సర్దడం వేరు, రెండు మూడు నెలలు ఊరు కాని ఊరిలో ఉండబోతూ సర్దడం వేరు. మొదటిసారి ఉద్యోగం పని మీద నెల్లూరు నుంచి వెళ్లి ఉలవపాడులో రెండు నెలలు అద్దె గదిలో ఉన్నప్పుడు నేను మూడు రాడ్లు (గాలపు కర్రలు), మూడు రీళ్లు (రాడ్డుకు బిగించి దారం చుట్టే యంత్రాలు), ఒక చేత్తో ఎత్తలేనంత బరువైన డబ్బా మోసుకుపోయాను. ఆ రెండు నెలల్లో నిజంగా వాడింది ఒక్క రాడ్డు, ఒక్క రీలు. తక్కినవి మంచం కింద ఉప్పుగాలికి తుప్పు పట్టాయి. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఒకటే: వెళ్లేచోట దొరకని వస్తువును మాత్రమే వెంట తీసుకెళ్లడం, దొరికే ప్రతిదాన్నీ ఇంట్లోనే వదిలిపెట్టడం.

మొదటి పని: ఏ నీటిలో గాలం వేస్తారో తేల్చుకోండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఒక్క పూట ప్రయాణంలోనే మూడు రకాల నీళ్లు తగులుతాయి. సోమశిల, కండలేరు, గుండ్లకమ్మ జలాశయాలలోనూ ఊరి చెరువులలోనూ ఉన్నది మంచినీరు; అక్కడ కొరమీను, జెల్ల, జిలేబి, శీలావతి, బొచ్చె పడతాయి. తీరం వెంబడి సాగే బకింగ్‌హాం కాలువలోనూ, ఏర్లు సముద్రంలో కలిసేచోట్లా ఉప్పు, మంచి నీళ్లు కలిసి ఉంటాయి కనుక అక్కడ పండుగప్ప, కొయ్యింగ తిరుగుతాయి. మూడోది మైపాడు, కొత్తపట్నం వంటి చోట్ల నేరుగా అలల్లో గాలం వేయడం. అలలు దాటించి విసరాలంటే పది పన్నెండు అడుగుల బరువైన రాడ్డు, దానికి తగిన సీసం గుండ్లు కావాలి. ఆ సరంజామా తేలికైన సంచిలో ఇమిడేది కాదు. కాబట్టి సముద్రపు అలలను ఈసారికి వదిలేసి, ఏటి ముఖద్వారం దగ్గర నిలబడి వేయడమే మేలని నా అభిప్రాయం. అక్కడ ఏడడుగుల రాడ్డు చాలు.

వెళ్లే నెల కూడా చూసుకోవాలి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది కనుక ఆ రోజుల్లో పడవ మీద వెళ్లే ఆలోచనతో ఏదీ సర్దవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు ఏర్లు బురదగా పారతాయి. మసక నీటిలో మెరిసే లూర్ల (కృత్రిమ ఎరల) కంటే వాసన ఉన్న ఎరకే చేప త్వరగా వస్తుంది, అందుచేత వానల కాలంలో లూర్లు తగ్గించి గాలాలు పెంచుకోవాలి. పెన్నా మీది సోమశిల గేట్లు ఎత్తారని తెలిస్తే మాత్రం ఆ నది ఒడ్డుకు వెళ్లనే వెళ్లవద్దు.

చెరువులలో, జలాశయాలలో చేపల మీద హక్కు సాధారణంగా అక్కడి మత్స్యకార సంఘాలకో, వేలంలో పాడుకున్నవారికో ఉంటుంది. గాలం వేసే ముందు వారిని అడగడం వారి బతుకుతెరువుకు మనం ఇచ్చే గౌరవం.

రెండో పని: ఒకే రాడ్డు, ఒకే రీలు

నాలుగు ముక్కలుగా విడిపోయే ఏడడుగుల రాడ్డును ఎంచుకోండి. విడదీస్తే ఒక్కొక్క ముక్క రెండడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, బట్టల పెట్టెలో అడ్డంగా ఇమిడిపోతుంది. ఒకదానిలోకి ఒకటి దూరే టెలిస్కోపిక్ రాడ్డు ఇంకా పొట్టిదే అయినా, తీరప్రాంతపు ఇసుక రేణువులు దాని కీళ్లలో చేరితే లాగినా రాదు, తోసినా పోదు.

సర్దే ముందు రాడ్డుకు దారం దూరే ప్రతి రింగునూ పరీక్షించాలి. వేలెడు దూదిని సన్నగా పేని రింగులోంచి నిదానంగా లాగండి. ఎక్కడైనా ఒక్క పోగు పట్టుకొని ఆగిందంటే ఆ రింగుకు కంటికి కనబడని చీలిక ఉందన్నమాట. మంచి చేప పడి దారం పరుగులు తీస్తున్నప్పుడు దాన్ని కోసేది ఆ చీలికే. కొనరింగు విరగడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే నష్టం కనుక, అదే కొలత ఉన్న కొనరింగు ఒకటి, వేడి చేస్తే కరిగే జిగురు కడ్డీ ముక్క ఒకటి వెంట ఉంచుకుంటే గదిలోనే బాగుచేసుకోవచ్చు.

రీలు 2500 లేదా 3000 సైజుది అయితే మంచినీటికీ ఉప్పునీటికీ సరిపోతుంది. దానికి 20 పౌండ్ల బరువు ఓర్చే బ్రెయిడ్ దారం (పోగులు అల్లి చేసినది) 150 మీటర్లు చుట్టండి. బ్రెయిడ్ నున్నగా ఉండి స్పూలు (రీలులో దారం చుట్టుకునే భాగం) మీద జారిపోతుంది కనుక, అడుగున పది పదిహేను చుట్లు మామూలు నైలాన్ దారం వేసి దాని మీద చుట్టాలి. రెండో రీలుకు బదులు 0.30 మిల్లీమీటర్ల నైలాన్ చుట్టిన అదనపు స్పూలు ఒకటి పెట్టుకోండి. బెండు కట్టి చెరువులో వేసే రోజుకు అది పనికివస్తుంది.

మూడో పని: చిన్న వస్తువులు

గాలాల సైజుల దగ్గర కొత్తవారు పొరపడుతుంటారు. 8 కంటే 4 పెద్దది, 4 కంటే 1 పెద్దది. ఆ తరువాత 1/0, 2/0 అంటూ మళ్లీ పెరుగుతూ పోతుంది. జిలేబికి 8, జెల్లకు 4, కొరమీనుకూ పండుగప్పకూ 1/0 చొప్పున ఒక్కొక్కటి పదిహేను తీసుకుంటే మూడు నెలలు గడుస్తాయి. వీటిని డబ్బాలో గలగలలాడించకుండా, పాత హవాయి చెప్పు నుంచి అగ్గిపెట్టెంత ముక్కలు మూడు కోసి, ఒక్కొక్క సైజును ఒక్కొక్క ముక్కకు గుచ్చండి. రబ్బరు మొనను గట్టిగా పట్టి ఉంచుతుంది, సంచిలో చెయ్యి పెట్టినా వేలికి గుచ్చుకోదు.

బోలు కప్ప లూర్లు రెండు, రేకు చెంచా ఒకటి, చిన్న చేప ఆకారపు లూరు ఒకటి, స్వివెళ్లు (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లంకెలు) పది, 0.40 మిల్లీమీటర్ల నైలాన్ దారం చిన్న ఉండ, ముక్కుపట్టకారు, కత్తెర ఉంటే తక్కినది చేతి నేర్పే. ముడి ఒక్కటి వస్తే చాలు: దారాన్ని రెండు మడతలు చేసి గాలం కంటిలోంచి దూర్చి, ఆ మడతతోనే వదులుగా ఒక మామూలు ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి గాలాన్ని పూర్తిగా దాటించి, ఉమ్మితో తడిపి మెల్లగా బిగించాలి. పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే రాపిడి వేడికి దారం బలం తగ్గుతుంది.

మందుల పొట్లంలో గాయానికి పట్టీలు, గాయం కడిగే యాంటిసెప్టిక్ మందు తప్పనిసరి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చెయ్యి ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముల్లు లోపల విరిగినా, వాపు పెరుగుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఇంట్లో వదిలేయవలసినవి

సీసం గుండ్లు బరువు, తీరంలో చేపలు పట్టేవారి ఊళ్లలో అవి సులువుగానే దొరుకుతాయి. బెండు ముక్క, వెదురు కర్ర, బక్కెట్టు కూడా అంతే. ఎర గురించి అసలు దిగులే వద్దు: తడి నేల తవ్వితే ఎర్రలు, బజారులో రొయ్యలు, కొట్లో తవుడు, వేరుశనగ చెక్క ఉండనే ఉన్నాయి.

నాలుగో పని: సర్దడం

హార్డ్‌వేర్ కొట్లో పీవీసీ పైపును రాడ్డు ముక్క కంటే రెండంగుళాలు పొడుగ్గా కోయించి, రెండు వైపులా మూతలు తీసుకోండి. రాడ్డు ముక్కలను పాత తువ్వాలులో చుట్టి లోపల పెడితే బస్సు పైన వేసినా భయం లేదు. రీలును ఉన్ని మేజోడులో దూర్చండి. తక్కినదంతా ఒక స్టీలు టిఫిను డబ్బాలో పట్టాలి. పట్టకపోతే లూరు ఒకటి తీసేయండి, డబ్బా మార్చవద్దు. చెన్నై వెళ్లి విమానం ఎక్కేవారు గాలాలు, కత్తెర, పట్టకారు చేతిసంచిలో కాక లోపలికి అప్పగించే పెట్టెలో వేయాలి.

అక్కడికి చేరాక

ఉప్పునీటిలో వేసి వచ్చిన ప్రతి రాత్రీ, ఎంత అలసట ఉన్నా సరే, భోజనానికి ముందే రీలును కడగాలి. ముందుగా డ్రాగ్ మరను (చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుగా వదలాలో సరిచేసేది) బిగించి, చెంబుతో మంచినీళ్లు మెల్లగా పోయండి. కుళాయి ధార కింద పెడితే ఉప్పు లోపలికి పోతుంది. తువ్వాలుతో తుడిచి, నీడన ఆరబెట్టి, ఆరిన తరువాత డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేయండి, లేకపోతే లోపలి బిళ్లలు అణిగిపోయి కొన్ని వారాలలో దారం కుదుపులుగా వదులుతుంది. దారం దొర్లే చిన్న చక్రానికి, పిడి కీలుకు వారానికొకసారి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయండి. తడిసిన గాలాన్ని మళ్లీ చెప్పు ముక్కకు గుచ్చవద్దు, తుప్పు పక్కవాటికి అంటుతుంది. దాన్ని పాత గుడ్డ ముక్కలో వేరుగా చుట్టి ఉంచి, మరునాడు మొదట దాన్నే వాడండి.