వినాయకుణ్ణి చేయబోయి కోతి దాకా కూడా చేరని వారికి

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని సామెత. కంప్యూటర్లో త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌తో నా మొదటి వారంలో కోతి కూడా కాలేదు. తెర మీది డబ్బాను పెన్నుతో ఎంత రుద్దినా ఒక మూల కాస్త ఒరిగేది, అంతే.

హైదరాబాద్ నారాయణగూడలో ఒక డెంటల్ ల్యాబులో 22 ఏళ్లుగా మైనంతో పళ్లు చెక్కుతున్నాను. దవడపన్ను మీది గుంటలూ గట్లూ నమూనా చూడకుండా దించగలను. ఆ ధీమాతోనే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకరు వాడిన పెన్ టాబ్లెట్, అంటే కంప్యూటర్‌కు తగిలించి పెన్నుతో గీసే పలక, కొన్నాను. చవితికి బెత్తెడు వినాయకుణ్ణి కంప్యూటర్లో చెక్కి త్రీడీ ప్రింటు తీయిస్తానని ఇంట్లో చెప్పేశాను కూడా. ఆ ఏడు పూజకు ఎప్పటిలాగే మట్టి విగ్రహమే వచ్చింది.

లోపం చేతిలో లేదని తెలియడానికి చాలా రోజులు పట్టింది. బ్లెండర్ తెరవగానే కనిపించే డబ్బాకు ఉన్నవి 8 బిందువులే. కుంచె కదిపేది ఆ బిందువులనే కాబట్టి ఎనిమిదింటితో ముక్కు రాదు, మూతి రాదు. కొత్త ఫైలు తెరిచేటప్పుడు ‘జనరల్’ బదులు ‘స్కల్ప్టింగ్’ ఎంచుకోండి. చెక్కడానికి సిద్ధంగా ఉన్న గోళం వస్తుంది. పెన్ను గట్టిగా నొక్కినా తేలికగా నొక్కినా ఒకేలా పడుతుంటే టాబ్లెట్ డ్రైవర్ వేశారో లేదో చూడండి. వేసి ఉంటే ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ కింద విండోస్ ఇంక్, విన్‌ట్యాబ్ అని రెండు ఉంటాయి, ఒకటి కాకపోతే రెండోది పెట్టి చూడండి. బొమ్మ తెర మీది నుంచి మాయమైతే హోమ్ మీట నొక్కండి. ఈ ముక్క తెలియక నేను మూడుసార్లు మొదటికొచ్చాను.

ఇక అసలు చిక్కు. మైనం పనిలో ఎక్కువైతే కత్తితో గీకేస్తాం, చాలకపోతే కరిగించి ఒక బొట్టు వేస్తాం. ఇక్కడ మైనమూ లేదు, మట్టీ లేదు. ఉన్నది ఒక వల, లోపలంతా డొల్ల. తొండం కోసం స్నేక్ హుక్ కుంచెతో లాగితే ఆ వల కన్నులు సాగుతాయి తప్ప కొత్తవి పుట్టవు. సాగిన చోట ఎంత నునుపు చేసినా నలిగిన గోనెసంచిలాగే ఉంటుంది. అందుకని కాస్త లాగి ఆగండి, కంట్రోల్ పట్టుకుని ఆర్ నొక్కండి. దీన్ని వోక్సెల్ రీమెష్ అంటారు. వల మొత్తం సమానమైన గళ్లతో మళ్లీ అల్లుకుంటుంది. మళ్లీ లాగండి, మళ్లీ అల్లించండి.

గడి ఎంత ఉండాలో వోక్సెల్ సైజు చెబుతుంది. నేను 0.1తో మొదలుపెట్టి, ఆకారం కుదిరే కొద్దీ సగం సగం తగ్గిస్తాను. సగం చేసిన ప్రతిసారీ బిందువులు సుమారు నాలుగింతలవుతాయి. ఒక ఆదివారం 0.01 అనుకుని 0.001 కొట్టాను. ఒక్క సున్నా తేడాకు దాదాపు 100 రెట్ల బిందువులు! నా 8 జీబీ కంప్యూటర్ బిగుసుకుపోయింది, పొద్దుటి నుంచి చేసిందంతా పోయింది. అప్పటి నుంచి ప్రతి దశకూ నంబరు వేసి వేరే ఫైలుగా దాచుకుంటున్నాను. ఇంకో సంగతి, గడి కన్నా పల్చనిది రీమెష్‌లో నిలవదు. చెవులను అప్పడాల్లా చేసి ఆ మీట నొక్కితే చిల్లులు పడ్డాయి. ముందు ఇన్‌ఫ్లేట్ కుంచెతో మందం చేసి, చివర్లో పల్చన చేసుకోవాలి.

పెద్ద గళ్లతో పని చేయడానికి మనసొప్పదు, నాకు తెలుసు. నేనైతే మొదటి గంటలోనే కనురెప్పలకూ కిరీటానికీ దిగాను. తీరా పక్కకు తిప్పి చూస్తే తల చపాతీలా ఉంది. చవితికి ముందు ధూల్‌పేట వెళ్లి రంగు వేయని విగ్రహాలను చూడండి. కళ్లు దిద్దకపోయినా వీధి అవతలి నుంచే వినాయకుడని తెలుస్తుంది. ల్యాబులో నేను పన్నును కిటికీ వెలుగుకు అడ్డుగా పట్టి అంచు చూస్తాను. ఇక్కడ బొమ్మ తెర మీద ఎలా కనిపించాలో చెప్పే వ్యూపోర్ట్ షేడింగ్‌లో వెలుగును ఫ్లాట్ చేసి, రంగు నలుపు పెట్టి, బొమ్మను చుట్టూ తిప్పితే అదే పని జరుగుతుంది. ఆ నల్లటి నీడలో తొండం, బొజ్జ పోల్చుకోగలిగే వరకూ కళ్ల జోలికి వెళ్లకండి.

ఎక్స్ సౌష్ఠవం మొదటి నుంచీ వేసే ఉంటుంది, ఒక చెవి చెక్కితే రెండోదీ వస్తుంది. తొండం వంచాక మాత్రం దాన్ని నమ్ముకుంటే ఒక వైపు గీత రెండో వైపు తప్పు చోట పడుతుంది. నేను ఏడో నంబరు ఫైలు దాకా దాన్ని తీయలేదు. ఎనిమిదో దానిలో తీసేసి తొండం ఎడమకు తిప్పాను, ఒక దంతాన్ని సగానికి తుంచాను. ఇన్నేళ్లుగా పళ్లు కడుతున్న చేత్తో కావాలని ఒకటి విరగ్గొట్టడం అదే మొదటిసారి.