తేనెటీగల పెట్టెలు బండి ఎక్కించే ముందు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, తేనెటీగల పెట్టెలు అమ్మడానికి నేను పెట్టుకున్న గడువు కూడా అదే. బత్తాయి పూతకు నల్గొండ వైపు, పొద్దుతిరుగుడుకు పాలమూరు వైపు పెట్టెలు తిరిగేది ఎక్కువగా అంతకు ముందే. మార్చి ఎండల్లో ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, ఒక పది పెట్టెలు పంపు" అంటే వానలు పడేదాకా ఆగమంటాను. బేరం పోతే పోనీ.

ఎందుకంటే దారిలో ఈగలు చచ్చేది దూరానికి కాదు, వేడికి. పిల్లలు పెరిగే తేనెపట్టు దగ్గర అవి ఎప్పుడూ 34, 35 డిగ్రీలు ఉండేలా చూసుకుంటాయి. వేడెక్కితే కొన్ని గేటు దగ్గర, అంటే పెట్టెకు అవి వచ్చిపోయే సందు దగ్గర నిలబడి రెక్కలతో విసురుతాయి, కొన్ని నీళ్లు మోసుకొస్తాయి. గేటు మూసి బండి ఎక్కించామంటే నీళ్లు బంద్, గాలీ బంద్, పైగా కుదుపుకు కంగారుపడి అన్నీ ఒకేసారి కదలడంతో లోపల వేడి ఇంకా పెరిగిపోతుంది. ఇది తెలియక మొదటి ఏడాది దేవరకొండ వైపు ఒక రైతుకు ఆరు పెట్టెలు అమ్మి, గేట్లలో తడి గుడ్డ కుక్కి, మామూలు మూతలే బిగించి, టార్పాలిన్ కప్పి మరీ తీసుకెళ్లాను. దించాక ఒక పెట్టెలో చప్పుడే లేదు. మూత తీస్తే పట్టు మెత్తబడి వంగిపోయింది, అడుగున నాలుగు వేళ్ల మందాన ఈగల కుప్ప, నల్లగా, నూనెలో ముంచి తీసినట్టు తడిగా. ఊపిరాడక కడుపులో ఉన్న తేనె కక్కేశాయి. ఆ పెట్టె డబ్బులు వాపస్ ఇచ్చి వచ్చాను.

అప్పటి నుంచి మూత స్థానంలో ఇనుప జాలీ వేయకుండా ఏ పెట్టెనూ కదపను. నాలుగైదు రోజుల ముందే నిండిన తేనె ఫ్రేములు, అంటే ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాలు, తీసేయండి, దారి తిండికి రెండు ఫ్రేములు ఉంటే చాలు. కొత్తగా కట్టిన తెల్ల పట్టు కుదుపుకు విరుగుతుంది, దాన్ని కూడా తీసి పెట్టుకోండి. ఫ్రేములు కదలకుండా మధ్యలో చెక్క ముక్కలు బిగించాలి. ట్రాలీలో పెట్టెలు సర్దేటప్పుడు ఫ్రేములు బండి పొడవు వెంటే ఉండాలి, అడ్డంగా పెడితే ప్రతి బ్రేకుకూ ఒకదానికొకటి కొట్టుకుని మధ్యలో ఈగలు నలుగుతాయి, రాణి కూడా నలగొచ్చు.

పూర్తిగా చీకటి పడ్డాకే గేటు మూయాలి. అంతకు ముందే మూస్తే మేతకు పోయినవి బయటే ఉండిపోతాయి. తెల్లవారేలోపు దించేలా లెక్క వేసుకోండి. కల్వకుర్తి, దేవరకొండ మీదుగా మిర్యాలగూడ పోయే దారైతే రాత్రి ఖాళీగానే ఉంటుంది గానీ, సంక్రాంతి రోజుల్లో విజయవాడ హైవే ఎక్కకండి. పంతంగి టోల్ దగ్గర కార్ల వరసలో ఇరుక్కుంటే బండి ఆగిపోతుంది, బండి ఆగితే గాలి ఆగుతుంది. టీ కోసం ఆపినా ట్యూబ్‌లైట్ల కింద ఆపొద్దు, ఒక్క సందు ఉన్నా వెలుతురుకు బయటికొస్తాయి. జాలీ దగ్గరికి గుంపుగా చేరి గట్టిగా రొద పెడుతుంటే పైనుంచి కాసిని నీళ్లు చిలకరించండి.

డ్రైవర్‌ను ముందే అడగండి, ఎప్పుడైనా తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయా, ఊపిరి బిగుసుకుందా అని. అవునంటే వేరే డ్రైవర్‌ను చూసుకోండి, మొహమాటం వద్దు. ఒకటి కుట్టగానే అరటిపండు లాంటి వాసన వస్తుంది, అది మిగతావాటికి పిలుపు. చేతులు ఊపకుండా పక్కకు జరిగి ముల్లు వెంటనే గోటితో గీకేయండి. గొంతు బిగుసుకున్నా, కళ్లు తిరిగినా సున్నం రాసుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక కాగితాలు. మనవాళ్లు పట్టించుకోరు గానీ అర్ధరాత్రి జాలీ పెట్టెలతో బండి కనిపిస్తే పోలీసులు ఆపుతారు, ఆపాలి కూడా. ఎన్ని పెట్టెలు, ఒక్కోదానిలో ఎన్ని ఫ్రేములు, ఎవరు ఎవరికి ఏ తేదీన అమ్మారో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. తేనెటీగల పెంపకందారుల నమోదు కోసం కేంద్రం 2021 ఏప్రిల్‌లో తెచ్చిన మధుక్రాంతి పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, మక్తల్ దాటి రాయచూరు వైపో, అలంపూర్ దాటి కర్నూలు వైపో పోయేవాళ్లయితే మరీ. అమ్రాబాద్ పులుల అడవిలోంచి పట్టుకొచ్చిన కొండ తేనెటీగలంటూ ఎవరైనా చూపిస్తే దగ్గరికి పోకండి. అనుమతి లేకుండా అక్కడి నుంచి తేవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, పైగా అవి పెట్టెలో నిలవవు. 2006 అటవీ హక్కుల చట్టం కింద చెంచుల లాంటి అడవి బిడ్డలకు తేనె సేకరించే హక్కు ఉంది, అది వేరే సంగతి.

జబ్బు పెట్టె అమ్మితే కొన్నవాడి పెట్టెలన్నీ పోతాయి. దక్షిణాదిలో 1990ల మొదట్లో పిల్ల పురుగులను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు మన నాటు తేనెటీగలను ఊడ్చేసింది. పెట్టెల్లో పెంచే విదేశీ రకం ఇటాలియన్ ఈగలైతే, వాటి ఒంటికి పట్టుకుని పీల్చే వరోవా నల్లి ఉందేమో చూడాలి. రాణి లేదని చూసుకుని అర గ్లాసు ఈగలు, అంటే దాదాపు 300, జాలీ మూత సీసాలో వేసి, రెండు చెంచాల చక్కెర పొడి చల్లి నిమిషం పాటు దొర్లించి తెల్ల కాగితం మీద దులపండి. ఎర్రటి నల్లులు తొమ్మిది దాటితే ముందు మందు, తర్వాతే బేరం. ఈ పని కొనేవాడి ఎదుటే చేస్తే నమ్మకం కూడా కుదురుతుంది.

దించే చోట చుట్టుపక్కల పత్తికో మిర్చికో మందు కొట్టే రోజులు ముందే కనుక్కోండి. అదే ఊళ్లో, రెండు మూడు కిలోమీటర్ల లోపు అమ్మితే మేత ఈగలు పాత చోటికే తిరిగొస్తాయి, కనీసం ఐదు కిలోమీటర్లు ఉండాలి. దించాక పెట్టెలు కుదురుగా పెట్టి అర గంట ఆగి గేట్లు తెరవండి, అన్నీ ఒకేసారి కాదు, ఒకటి విడిచి ఒకటి. నాటు ఈగలైతే రాణి గేటు, అంటే రాణిని బయటికి పోనివ్వని ఇరుకు గేటు, నాలుగు రోజులు ఉంచండి, లేకపోతే మొత్తం లేచిపోతాయి. మీ పాత చోట మాత్రం ఒక ఖాళీ పెట్టెలో పాత ఫ్రేము పెట్టి ఉంచండి. రాత్రి బయట ఉండిపోయినవి పొద్దున్నే అక్కడికే వచ్చి తిరుగుతుంటాయి.