పిండి మిషనుకు డ్రైవ్ పెట్టే ముందు ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిదో చూడండి

గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్ షెడ్డులో ఏ ఇబ్బందీ పెట్టని వీఎఫ్‌డీనే (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) తిరుపతిలో ఇళ్ల మధ్య ఉన్న పిండి మిషనుకు బిగిస్తే పక్కింటి రేడియో గుర్రుమంటుంది. డ్రైవ్ చెడిపోయిందని కాదు, దాన్ని ఫ్యాక్టరీ హద్దులకు తయారు చేశారు.

డ్రైవ్ లోపలి స్విచ్చులు సెకనుకు వేలసార్లు కరెంటును తెంపి కలుపుతుంటాయి. అందులో పుట్టే నాయిస్ (రేడియోలను చెడగొట్టే గోల) 30 మెగాహెర్ట్జ్ లోపు ఎక్కువగా తీగల వెంట, ఆ పైన గాలిలో పోతుంది. గాలి సంగతి దూరాన్ని బట్టే. ఇళ్ల మధ్య యాంటెన్నా 10 మీటర్లలో, ఫ్యాక్టరీకైతే 30 మీటర్ల అవతల ఉంటుందని లెక్క. దూరం మూడింతలైతే ఫీల్డు మూడో వంతుకు తగ్గుతుంది, అంటే సుమారు 10 డెసిబెల్స్. రేడియో నాయిస్‌కు హద్దులు పెట్టే అంతర్జాతీయ ప్రమాణం సిస్పర్ 11లో చిన్న యంత్రాలకు 30–230 మెగాహెర్ట్జ్ మధ్య 10 మీటర్ల దగ్గర ఇళ్ల క్లాస్ బి హద్దు 30, ఫ్యాక్టరీ క్లాస్ ఏ హద్దు 40 డెసిబెల్స్ (మీటరుకు మైక్రోవోల్టు లెక్కన) ఉండటం అందుకే. గాదంకిలో వాతావరణాన్ని గమనించే ఎంఎస్‌టీ రాడార్ పనిచేసే 53 మెగాహెర్ట్జ్ కూడా ఈ బ్యాండులోదే. అలాంటి చోట క్లాస్ బి ముద్ర ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

అసలు చిక్కు తీగల దగ్గర. పెద్ద ఫ్యాక్టరీకి సొంత 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, నాయిస్ చాలావరకు దాని లోపలే మిగిలిపోతుంది. వీధిలో మాత్రం కరెంటు సంస్థ ఎస్‌పీడీసీఎల్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే, మీ మిషనుకూ పక్క ఇళ్లకూ అవే తీగలు. మీడియం వేవ్ రేడియో ఉండే 0.5–5 మెగాహెర్ట్జ్‌లో క్లాస్ బి 56, క్లాస్ ఏ 73 డెసిబెల్ మైక్రోవోల్టులు. ఆ 17 డెసిబెల్స్ వోల్టుల్లో ఏడింతలు. డ్రైవుల ప్రమాణం ఐఈసీ 61800-3లో సీ1 అంటే ఇళ్ల హద్దు, సీ2 అంటే క్లాస్ ఏ. ఫ్యాక్టరీలకే ఉద్దేశించిన సీ3కి, 100 ఆంపుల లోపు, ఇదే బ్యాండులో 86 వరకు వదిలారు, అంటే ఇంటి హద్దుకు ముప్పై రెట్లు. ఎస్టేట్‌లో ఉన్నా ఎల్‌టీ (415 వోల్టుల) లైను ఇళ్లతో కలిసి ఉంటే అది ఇళ్ల లైనే.

కాబట్టి కొనేముందు మాన్యువల్‌లో సీ1 అనో సీ2 అనో రాసి ఉందో లేదో, ఎంత కేబుల్ పొడవు వరకో చూడండి. ఏమీ రాయకపోతే లోపల నాయిస్‌ను ఆపే ఫిల్టర్ లేదనే అనుకోండి. 10 హెచ్‌పీ, 415 వోల్టుల మోటారు సుమారు 14 ఆంపులు లాగుతుంది. డ్రైవ్ ఇన్‌పుట్ ఆంపులు చూసి 20 లేదా 25 ఆంపుల త్రీఫేజ్ ఈఎంఐ (నాయిస్) ఫిల్టర్ తీసుకోండి.

మెయిన్ ఆపాక మాన్యువల్ చెప్పినంత సేపు, మామూలుగా 5–10 నిమిషాలు, ఆగి పని మొదలుపెట్టండి. ముందు ఎర్త్ కలపాలి. ఫిల్టర్‌ను డ్రైవ్ పక్కనే, ప్లేటు మీద పెయింటు గీకి ఇనుముకు ఇనుము తగిలేలా బిగించాలి. లోపలికొచ్చే తీగలూ బయటికెళ్లే తీగలూ ఒకే కట్టలో కడితే ఫిల్టర్ ఉన్నా లేనట్టే, నాయిస్ పక్కనుంచి దూకేస్తుంది.

మోటారుకు షీల్డెడ్ కేబుల్ వేసి, ఎంత పొట్టిగా వీలైతే అంత పొట్టిగా ఉంచండి. పై తొడుగును రెండు వేళ్ల వెడల్పున ఒలిచి, జడలాంటి షీల్డును చుట్టూరా క్లాంపుతో పట్టించాలి, రెండు వైపులా. జడను మెలిపెట్టి తోకలా స్క్రూకు కట్టడం ఎలక్ట్రీషియన్లకు అలవాటు. ఆ తోకే యాంటెన్నా అవుతుంది. డ్రైవ్ స్విచ్చుల వేగమైన క్యారియర్ ఫ్రీక్వెన్సీని 8 నుంచి 4 కిలోహెర్ట్జ్‌కు దించితే నాయిస్ కొంత తగ్గుతుంది, మోటారు కూత పెరుగుతుంది.

ఫిల్టర్ పెట్టగానే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (ఎర్త్ లీకేజీ బ్రేకర్) పడిపోవడం మామూలే, ఫిల్టర్ కెపాసిటర్లు ఎర్త్‌లోకి కొంత కరెంటు వదులుతాయి. అప్పుడు డ్రైవు లోపలి ఫిల్టర్‌ను ఎర్త్‌కు కలిపే ఈఎంసీ స్క్రూ పీకేస్తుంటారు. అది పీకితే ఆ లోపలి ఫిల్టర్ పోయినట్టే. డ్రైవుకు వేరే లైను లాగి 300 మిల్లీఆంపుల టైప్ బీ ఆర్‌సీసీబీ పెట్టండి. లైట్లకూ ప్లగ్గులకూ 30 అలాగే ఉంచండి.

చివరికి బ్యాటరీ రేడియోను మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి, మిషను ఆపీ తిప్పీ, మీటరు బోర్డు దగ్గరా మోటారు కేబుల్ దగ్గరా వినండి. బోర్డు దగ్గర గోల ఎక్కువైతే ఫిల్టర్ ఎర్త్, కేబుల్ దగ్గర ఎక్కువైతే షీల్డు క్లాంపు మళ్లీ చూడండి. పక్కింటివాళ్ల రేడియోనూ వాళ్ల ఇంట్లోనే ఒకసారి విని రండి.