లోడు మీద బండి లాగడం లేదా? పంపు విప్పే ముందు డీజిల్ ట్యాంకుకు గాలి ఆడుతుందో లేదో చూడండి

బొలెరో పికప్ కానివ్వండి, దోస్త్ కానివ్వండి, యోధా కానివ్వండి, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి బస్తాలు వేసుకొచ్చే బండ్లలో ఒక కంప్లైంట్ తరచుగా వినిపిస్తుంది. పొద్దున స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది, నర్సంపేట నుంచి లోడుతో బయలుదేరి కొంత దూరం వచ్చాక పికప్ పడిపోతుంది, ఎంత తొక్కినా లాగదు, పక్కన ఆపి చాయ్ తాగి వచ్చేసరికి మళ్లీ మామూలుగా నడుస్తుంది. వెంటనే డీజిల్ ఫిల్టర్ మార్పిస్తారు. అప్పటికీ పోకపోతే పంపు, ఇంజెక్టర్లు విప్పడం మొదలవుతుంది, అది వేలతో ఆగదు. అంత దూరం పోయే ముందు రూపాయి ఖర్చు లేకుండా చూసుకోవాల్సింది ఒకటుంది. ట్యాంకుకు గాలి సరిగా ఆడుతుందా లేదా?

నూనె డబ్బాకు ఒక్క బొక్కే పెడితే నూనె గడగడమంటూ ఆగి ఆగి వస్తుంది, రెండో పక్క ఇంకో బొక్క పెడితే ధారగా వస్తుంది. డీజిల్ ట్యాంకుదీ అదే లెక్క. ఇంజన్ డీజిల్ లాగుతున్న కొద్దీ ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు లోపల వాక్యూమ్ పెరిగి పంపు లాగలేని స్థితికి వస్తుంది. లోడు మీద డీజిల్ ఎక్కువ కాలుతుంది కాబట్టి అప్పుడే తెలుస్తుంది, ఖాళీ బండి మీద తెలియకపోవచ్చు. ఇక రెండో దిక్కు, లోపలి గాలి బయటికి కూడా పోవాలి. డీజిల్ కొట్టించేటప్పుడు పోవాలి, ఎండకు డీజిల్ వేడెక్కి పెరిగినప్పుడూ పోవాలి. 60 లీటర్ల డీజిల్ 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక లీటరు పెరుగుతుంది. పైగా ఇంజన్ దగ్గరికి పోయిన డీజిల్ అంతా కాలదు, మిగిలింది వేడెక్కి రిటర్న్ పైపులో మళ్లీ ట్యాంకులోకే వస్తుంది. మే నెలలో వరంగల్ ఎండకు ఇది తోడైతే ట్యాంకు ఎంత కాగుతుందో మీరే ఊహించుకోండి.

గాలి లోపలికి రాకపోతే లాగుడు తగ్గుతుంది, క్యాప్ తిప్పగానే సుయ్‌మంటుంది, ప్లాస్టిక్ ట్యాంకు అయితే పక్కలు లోపలికి పోయినట్టు కనిపిస్తాయి. గాలి బయటికి పోకపోతే బంకులోనే బయటపడుతుంది. నాజిల్ టక్కుమని ఆగిపోతూ ఉంటుంది, కుర్రాడు "ఫుల్ అయిందన్నా" అంటాడు, ముల్లు చూస్తే సగంలోనే ఉంటుంది. అతని తప్పేం లేదు. నాజిల్ మూతి దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది, దానికి డీజిల్ గానీ నురగ గానీ అడ్డం పడితే అది దానంతట అదే ఆగిపోతుంది. ట్యాంకులోని గాలి వేరే దారి లేక డీజిల్ పోసే గొట్టంలోంచే ఎదురొస్తే నురగ పైకి తన్ని అదే జరుగుతుంది. అయితే ఒక్క బంకులోనే ఇలా అవుతుంటే అక్కడి నాజిల్ స్పీడు కావచ్చు. ఏ బంకుకు పోయినా, మెల్లగా కొట్టించినా ఆగుతుంటే మీ బండినే చూసుకోవాలి.

రోడ్డు మీద లాగుడు తగ్గినప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటే, కానీ దాన్ని చేయాల్సిన టైముకే చేయాలి. పక్కకు ఆపి, ఇంజన్ బంద్ చేసి, వెంటనే క్యాప్‌ను మెల్లగా తిప్పుతూ చెవి పెట్టి వినండి. చాయ్ తాగి వచ్చాక చూస్తే లాభం లేదు, ఆ లోపు ఎక్కడో సందులోంచి గాలి నెమ్మదిగా దూరి ఆనవాలు పోతుంది. క్యాప్ అంచు దగ్గర పల్చటి కవర్ ముక్క పట్టుకుంటే గాలి లోపలికి పీలుస్తుందో బయటికి తంతుందో కూడా తెలిసిపోతుంది. కొంచెం సుయ్‌మనడం మామూలే, వాల్వు ఉన్న క్యాపులకు అది ఉంటుంది. గట్టిగా, కాసేపటి దాకా పీలుస్తుంటే మాత్రం అనుమానం లేదు. ఇంకా పక్కాగా తెలియాలంటే ట్యాంకు సగం కంటే తక్కువ ఉన్నప్పుడు క్యాప్‌ను పూర్తిగా బిగించకుండా, చుట్టూ శుభ్రమైన గుడ్డ కట్టి, అదే లోడుతో అదే ఎక్కుడు మీద కొద్ది దూరం మెల్లగా నడిపి చూడండి. లాగితే గాలి సమస్యే. అప్పటికీ లాగకపోతే ఫిల్టర్, ట్యాంకు లోపలి జాలీ, ట్యాంకు నుంచి డీజిల్ లాగే సక్షన్ పైపులో ఎక్కడైనా గాలి పీల్చడం, వీటిని వెతకాలి. క్యాప్ వదులుగా పెట్టి రోజంతా తిరగొద్దు, మన మట్టి రోడ్ల దుమ్ము మొత్తం డీజిల్‌లోకే పోతుంది.

మొదట క్యాప్. కొన్ని బండ్లకు క్యాప్‌లోనే చిన్న వాల్వు ఉంటుంది, కొన్నిటికి క్యాప్ గట్టిగా మూసుకునే రకం, గాలి వేరే పైపులో ఆడుతుంది. మీ బండిది ఏ రకమో తెలుసుకోండి. పాత క్యాప్ పోయిందని సైజు చూసి ఇంకోటి కొంటే మర సరిపోతుంది గానీ లోపల వాల్వు ఉండకపోవచ్చు, సమస్య ఆ రోజు నుంచే మొదలై ఉంటుంది. వాల్వు ఉంటే డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, రబ్బరు చీలిందేమో చూడండి. క్యాప్‌కు మేకుతో బొక్క పెట్టమనే సలహా మాత్రం వినకండి. వానలో, సర్వీసింగ్‌లో నీళ్లు నేరుగా లోపలికి పోతాయి, పక్కకు ఒరిగితే డీజిల్ బయటికి కారుతుంది.

అసలు గొడవ ఎక్కువగా బ్రీదర్ పైపులోనే ఉంటుంది. ట్యాంకు పై భాగం నుంచి సన్న పైపు ఒకటి బయటికి వచ్చి చాసిస్ పక్కన తెరుచుకుని ఉంటుంది, పోసే గొట్టం వెంట ఇంకో సన్న పైపు గాలిని వెనక్కి తెస్తుంది. మూతికి పట్టిన డీజిల్ తడికి దుమ్ము అంటుకుంటుంది, దాని మీద పత్తి నూగు పేరుకుంటుంది, రెండు సీజన్లకు అది గట్టి బిరడాలా తయారవుతుంది. బండి కొన్నాళ్లు షెడ్డులో నిలబడితే కందిరీగ ఆ మూతిలో మట్టి గూడు కడుతుంది. పైకి చూస్తే ఏదో మట్టి అంటినట్టే ఉంటుంది, సన్న వైరు పెట్టి గిల్లితే పొడిపొడిగా రాలుతూ వస్తుంది. తొట్టి పని చేయించినప్పుడో, కొత్త టూల్ బాక్స్ బిగించినప్పుడో పైపు నొక్కుకుపోవడం కూడా మామూలే, చేత్తో మొదటి నుంచి చివరి దాకా తడుముతూ పోండి. మధ్యలో పైపు కిందికి వేలాడితే ఆ వంపులో డీజిల్ నిలిచి గాలికి అడ్డం పడుతుంది, దాన్ని ఎత్తి క్లిప్పు వేస్తే చాలు.

శుభ్రం చేయాలంటే పైపును రెండు వైపులా విప్పి విడిగా ఊదండి, చెత్త ట్యాంకులోకి పోకూడదు. ట్యాంకుకు తగిలి ఉన్న పైపులోకి పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి కొట్టారంటే ట్యాంకు ఉబ్బి అతుకు విడిపోతుంది. కొన్ని ట్యాంకుల మీద రోల్ ఓవర్ వాల్వు ఉంటుంది, బండి బోల్తా పడితే డీజిల్ కారకుండా ఆపేది. విప్పి ఊపితే చాలా రకాల్లో లోపల గోళీ కదిలిన చప్పుడు వస్తుంది, రాకపోతే డీజిల్‌తో కడిగి చూడండి, అప్పటికీ గాలి పోకపోతే మార్చడమే. దాన్ని తీసేసి ఉత్త పైపు పెట్టడం ప్రమాదం. కొత్త పైపు డీజిల్‌కు పనికొచ్చే రబ్బరుదే కొనండి, నీళ్ల లెవెల్ పైపు కొన్నాళ్లకు గట్టిపడి పగులుతుంది.

ఈ విప్పడం, కడగడం అంతా నీడలో, ఇంజన్ చల్లారాక, బీడీ సిగరెట్లు దూరంగా పెట్టి చేయండి. డీజిల్ అంత తొందరగా అంటుకోదులే అనే ధీమా మన ఎండలకు పనికిరాదు. మన దేశంలో డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే దాని ఆవిరి భగ్గుమనే వేడి, కనీసం 35 డిగ్రీలు ఉండాలన్నది ప్రమాణం, ఇక్కడ వేసవిలో గాలే 44 దాటుతుంది. ఖాళీ ట్యాంకు అయినా సరే వెల్డింగ్ దగ్గరికి పోనివ్వొద్దు, ఆవిరి లోపలే ఉంటుంది.

వానాకాలంలో ములుగు రోడ్డున తిరిగేవాళ్లకు ఇంకో సంగతి. కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకినప్పుడు నీళ్లు రోడ్డెక్కుతాయి. వేడి మీదున్న ట్యాంకు ఆ నీళ్లలో దిగితే ఒక్కసారిగా చల్లబడి గాలి పీల్చుకుంటుంది, బ్రీదర్ మూతి నీళ్లలో ఉంటే గాలికి బదులు నీళ్లే పీలుస్తుంది. నీళ్లు పారుతుంటే అసలు దిగకండి. తప్పక లోతు నీళ్లలో తిరిగొచ్చారంటే ఫిల్టర్ కింది స్క్రూ వదిలి నీళ్లు ఉన్నాయేమో ఆ రోజే చూడండి. పైపు మూతిని చాసిస్ పైకి ఎత్తి, కొనను కిందికి వంచి కట్టుకుంటే వాన నీళ్లూ పోవు, దుమ్మూ తక్కువ పడుతుంది.

పని అయ్యాక బంకులో మామూలు స్పీడులో కొట్టించి చూడండి, నాజిల్ మొదటిసారి ఆగగానే ఆపేయండి. బండిని ఊపి ఊపి గొంతు దాకా నింపితే పెరిగే డీజిల్‌కు చోటుండదు, మధ్యాహ్నానికి బ్రీదర్‌లోంచి కారి మళ్లీ దుమ్ము పట్టడం మొదలవుతుంది. రెండు మూడు రోజులు నడిచాక క్లాంపుల దగ్గర వేలు పెట్టి తడమండి. తడి తగిలితే స్క్రూను ఇంకా బిగించడం కాదు, పైపు చివర అర అంగుళం కోసి మళ్లీ ఎక్కించండి, దానికీ ఆగకపోతే పైపే మార్చండి.