ఓడిన రోజు మార్కులు: బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల పేపర్లు దిద్దే పద్ధతి

విశాఖలో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) అంటే తెల్లవారుజాము ఆట. అమెరికా తూర్పు తీరంలో రాత్రి 7 గంటలకు మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో మనకు ఉదయం 5:30కి వస్తుంది. మార్చిలో వాళ్లు గడియారం ముందుకు జరిపాక 4:30కే. పశ్చిమ తీరంలో రాత్రి 7:30 మ్యాచ్ అయితే చలికాలంలో మనకు తొమ్మిది. ఓటమి ఖాయమయ్యే వేళకు ఇక్కడ సగం మంది గాజువాక బస్సులోనో సిరిపురం ఆఫీసు మెట్ల మీదో ఉంటారు. చివరి క్వార్టర్ చూడకుండానే ఫోన్లో స్కోరు తెరిచి గ్రూపులో మార్కులు వేసేస్తారు. 28 పాయింట్లు కొట్టినవాడికి పదికి 9, నాలుగే కొట్టినవాడికి 2. సాయంత్రం మ్యాచ్ మళ్లీ చూస్తే ఆ మార్కుల్లో సగం తారుమారవుతాయి. కాబట్టి మొదటి నియమం: ఉదయం నోట్సు మాత్రమే రాసుకోండి, మార్కులు సాయంత్రం వేయండి. ఓడిన జట్టు మీద కోపం చల్లారడానికి కూడా ఆ పది గంటలు పనికొస్తాయి.

ముందు ఓటమి ఎక్కడ జరిగిందో తేల్చండి

మనుషుల జోలికి వెళ్లేముందు జట్టు లెక్క చూడాలి. బాస్కెట్‌బాల్ గణాంకాల నిపుణుడు డీన్ ఆలివర్ చెప్పిన నాలుగు అంశాలు ఇందుకు చాలు: షూటింగ్, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టడం), రీబౌండ్లు (పడని షాట్ తర్వాత బంతి అందుకోవడం), ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు దొరికే అడ్డులేని షాట్లు). ఆయన వీటికి సుమారుగా 40, 25, 20, 15 శాతం బరువు ఇచ్చాడు.

ఊహకు ఒక మ్యాచ్ తీసుకుందాం. మన జట్టు 104-112తో ఓడింది. మనవాళ్లు 88 షాట్లు ప్రయత్నిస్తే 40 పడ్డాయి, అందులో 9 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు). ఫ్రీ త్రోలు 20కి 15. టర్నోవర్లు 17, అఫెన్సివ్ రీబౌండ్లు (తమ జట్టు పోగొట్టిన షాట్‌ను తామే అందుకోవడం) 8. ఎదుటివాళ్లు 95 షాట్లకు 42, అందులో 12 త్రీలు. ఫ్రీ త్రోలు 20కి 16. టర్నోవర్లు 12, అఫెన్సివ్ రీబౌండ్లు 11.

త్రీకి ఎక్కువ విలువ ఇచ్చి షూటింగ్ శాతం కట్టాలంటే, పడిన షాట్లకు పడిన త్రీలలో సగం కలిపి మొత్తం షాట్లతో భాగించాలి. మనది 44.5ను 88తో భాగిస్తే 50.6 శాతం. వాళ్లది 48ని 95తో భాగిస్తే 50.5. అంటే షూటింగ్‌లో తేడానే లేదు. "ఎవడూ బుట్టలో వేయలేకపోయాడు" అని తిట్టుకోవడం ఈ మ్యాచ్‌కు చెల్లదు. తేడా అంతా 88కీ 95కీ మధ్య ఉంది. మనకు ఐదు టర్నోవర్లు ఎక్కువ, మూడు అఫెన్సివ్ రీబౌండ్లు తక్కువ. ఎదుటివాళ్లకు ఏడు షాట్లు అదనంగా దక్కాయి, మనం ఎనిమిది పాయింట్లతో ఓడాం. ఇక మార్కులు కోయాల్సింది బంతి పోగొట్టినవాళ్ల దగ్గర, రీబౌండ్‌కు అడ్డుపడనివాళ్ల దగ్గర. షూటర్ల దగ్గర కాదు.

ఈ మెట్టు వదిలేస్తే తర్వాత వేసే ప్రతి మార్కూ గాలివాటం. పది నిమిషాల పని. కాగితం, ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

5 అంటే ఏమిటో ముందే రాసుకోండి

పదికి 5 అంటే "తన పని తాను చేశాడు". గెలుపోటములతో దానికి సంబంధం లేదు. మన పదో తరగతి అలవాటు కొద్దీ 35 వస్తే పాస్ అనే లెక్క ఇక్కడ పనికిరాదు, 5 దగ్గర నిలబడి పైకీ కిందకీ కదలాలి. అర మార్కు కంటే సన్నగా విడగొట్టకండి. 6.3కీ 6.4కీ తేడా ఎవరూ నిరూపించలేరు.

మ్యాచ్ మొదలయ్యేముందే ప్రతి ఆటగాడి పేరు పక్కన అతని పని ఒక్క ముక్కలో రాయండి. "బంతి నడిపించాలి, ఎదుటి గార్డును (బంతి నడిపేవాణ్ని) ఆపాలి." "కార్నర్‌లో నిలబడి త్రీలు వేయాలి." "స్క్రీన్ పెట్టాలి (ఎదుటివాడి దారికి ఒళ్లు అడ్డుపెట్టాలి), బుట్ట కాపలా." మ్యాచ్ అయ్యాక రాస్తే ఫలితాన్ని చూసి పనిని మార్చేస్తాం. పాయింట్లు చేయడం పనిగా లేని సెంటర్‌ను (బుట్ట దగ్గర ఆడేవాణ్ని) "నాలుగే కొట్టాడు" అని ఫెయిల్ చేసే తప్పు అక్కడే పుడుతుంది.

ఎనిమిది నిమిషాల కంటే తక్కువ ఆడినవాడికి మార్కు వద్దు, "చూడడానికి చాలలేదు" అని రాయండి. మ్యాచ్ తేలిపోయాక ఆడిన నిమిషాలను, అంటే గార్బేజ్ టైమ్‌ను, ఆ ఎనిమిదిలో లెక్కపెట్టకండి. 20 పాయింట్ల తేడాలో చివరి మూడు నిమిషాల్లో వేసిన మూడు త్రీలు బాక్స్ స్కోర్‌లో (ఆటగాళ్ల అంకెల పట్టికలో) మెరుస్తాయి గానీ మ్యాచ్‌ను కదిలించవు.

దాడి లెక్క

పాయింట్లు కాదు, ఆ పాయింట్లకు ఎంత ఖర్చయిందో చూడాలి. ట్రూ షూటింగ్ శాతం అందుకే ఉంది. షాట్ల సంఖ్యకు ఫ్రీ త్రోల ప్రయత్నాల్లో 0.44 వంతు కలపండి, దాన్ని రెట్టింపు చేసి, పాయింట్లను దానితో భాగించండి. 0.44 ఎందుకంటే ప్రతి రెండు ఫ్రీ త్రోలకూ ఒక అవకాశం ఖర్చు కాదు. షాట్ పడ్డాక దొరికే అదనపు ఫ్రీ త్రో, టెక్నికల్ ఫౌల్‌కు వేసే ఫ్రీ త్రో ఆ లెక్కను తగ్గిస్తాయి.

25 షాట్లు, 2 ఫ్రీ త్రోలతో 28 పాయింట్లు చేసినవాడిది 54.1 శాతం. 10 షాట్లు, 4 ఫ్రీ త్రోలతో 17 చేసినవాడిది 72.3. ఇటీవలి సీజన్లలో లీగ్ సగటు 57, 58 దగ్గర ఉంటోంది. 28 కొట్టినవాడు నిజానికి సగటు కంటే కింద ఉన్నాడు. అలాగని వెంటనే కోసేయకండి. 24 సెకన్ల షాట్ క్లాక్ అయిపోతుంటే మిగతావాళ్లు బంతి అతని చేతిలో పడేసి నిలబడ్డారా అని వీడియోలో చూడండి. ఆఖరి నాలుగు సెకన్లలో వేసిన షాట్లను విడిగా లెక్కపెట్టి, అవి ఆరు దాటితే అర మార్కు తిరిగి ఇవ్వండి.

టర్నోవర్లన్నీ ఒకటి కావు. బంతి గీత దాటి బయటకు పోతే ఆట ఆగుతుంది, మనవాళ్లు వెనక్కి వచ్చి సర్దుకుంటారు. అదే ఎదుటివాడి చేతికి చిక్కితే అటువైపు లే అప్ (బుట్ట పక్కనుంచి వేసే తేలిక షాట్) దొరికే ప్రమాదం ఎక్కువ. ఎదుటివాళ్ల చేతికి చిక్కిన ప్రతి బంతికీ అర మార్కు, గీత దాటి బయటకు పోయినవి రెండింటికి కలిపి అర మార్కు తగ్గించండి. ఒక జాగ్రత్త: మంచి పాస్‌ను పట్టుకోలేక జారవిడిచినా చాలాసార్లు టర్నోవర్ పాస్ ఇచ్చినవాడి ఖాతాలోకే వెళ్తుంది. వీడియో చూడకుండా కోయకండి.

షాట్ పడిందా లేదా అన్నదానికీ, అది వేయాల్సిన షాటేనా అన్నదానికీ తేడా ఉంది. 2018 వెస్ట్ (పశ్చిమ విభాగం) ఫైనల్ ఏడో మ్యాచ్‌లో హ్యూస్టన్ రాకెట్స్ విరామానికి 54-43తో ముందుంది. కానీ రెండో క్వార్టర్ నుంచి నాలుగో క్వార్టర్ దాకా వరసగా 27 త్రీలు పోగొట్టి, మొత్తం 44కు 7 వేసి, గోల్డెన్ స్టేట్ చేతిలో 101-92తో ఓడింది. ఆ రోజు హ్యూస్టన్ ఆటగాడు ట్రెవర్ అరీజా 12 షాట్లలో ఒక్కటీ వేయలేదు, అందులో 9 త్రీలు. ఇలాంటి రోజున సున్నా వేయబుద్ధవుతుంది. కానీ ఖాళీగా దొరికిన త్రీ వేయడమే అతని పని. వేయకుండా భయపడి బంతి తిప్పేసి ఉంటే తప్పు ఇంకా పెద్దది. షూటింగ్‌కు రెండు, రెండున్నర మార్కులు పోతాయి, అక్కడితో ఆపాలి. మిగిలినది అతని డిఫెన్స్ చూసి తేల్చాలి.

డిఫెన్స్: అసలు శ్రమ ఇక్కడే

బాక్స్ స్కోర్‌లో డిఫెన్స్ అంటే ముఖ్యంగా స్టీళ్లు (లాక్కున్న బంతులు), బ్లాకులు (గాల్లో ఆపిన షాట్లు), ఫౌళ్లు. మిగతాదంతా కళ్లతోనే పట్టుకోవాలి. మొత్తం మ్యాచ్ మళ్లీ చూడక్కర్లేదు. ఎదుటివాళ్ల 42 బాస్కెట్లు, మన 17 టర్నోవర్లు, ఒక్కోటి 15 సెకన్ల ముందు నుంచి చూస్తే పావుగంట. రెండుసార్లు చూస్తే అరగంట. మొదటిసారి బంతిని చూడండి. రెండోసారి బంతిని వదిలేసి ఆ ఆటలో మొట్టమొదట ఎవరు తడబడ్డారో చూడండి.

ఒక ఆటను దగ్గరగా చూద్దాం. ఎదుటి గార్డు కుడివైపు బంతితో ఉన్నాడు. వాళ్ల సెంటర్ వచ్చి స్క్రీన్ పెట్టాడు. మన గార్డు ఆ స్క్రీన్‌ను భుజంతో చీల్చుకుని దాటాల్సింది, ఢీకొని అక్కడే ఇరుక్కుపోయాడు. మన సెంటర్ ఒక్కడు ఇద్దరిని ఆపాలి. గార్డు మీదికి అడుగు వేశాడు. స్క్రీన్ పెట్టినవాడు బుట్ట వైపు ఉరికాడు. కార్నర్‌లో ఉన్న మన ఫార్వర్డ్ తన మనిషిని వదిలి, పెయింట్‌లోకి (బుట్ట ముందు రంగు వేసిన చోటికి) వచ్చి ఆ దారి మూశాడు. బంతి కార్నర్‌కు ఎగిరింది. ఫార్వర్డ్ చేతులెత్తి వెనక్కి పరుగెత్తాడు, అందలేదు, త్రీ పడింది. టీవీ కెమెరా చివరగా చూపించే ముఖం ఆ ఫార్వర్డ్‌ది. తిట్లన్నీ అతనికే. అతను చేసింది సరైన పని. మార్కు పోవాల్సింది స్క్రీన్ దగ్గర ఇరుక్కున్న గార్డుకు. ఇలాంటివి మూడు దాటితే ఒక మార్కు కోయండి. గార్డు ప్రతిసారీ ఒకే తీరున ఇరుక్కుంటుంటే, సెంటర్ ప్రతిసారీ ఒకే చోట నిలబడుతుంటే, అది కోచ్ ఇచ్చిన పథకం. అప్పుడు కోచ్ మార్కు తగ్గాలి.

రీబౌండ్లలోనూ ఇదే చిక్కు. ఎదుటి సెంటర్‌ను వీపుతో తోసి బాక్స్ అవుట్ చేసినవాడి పేరు ఎక్కడా రాదు, తీరిగ్గా వచ్చి బంతి అందుకున్నవాడికి రీబౌండ్ వస్తుంది. అందుకే మనవాళ్లు పట్టినవాటిని కాక, ఎదుటివాళ్లు పట్టిన 11 అఫెన్సివ్ రీబౌండ్లను చూడండి. షాట్ గాల్లో ఉండగా ఎవరు తన మనిషి వైపు తిరక్కుండా బంతినే చూస్తూ నిలబడ్డారో పేరు రాసుకోండి. లీగ్ వెబ్‌సైట్‌లో చేయి తగిలించి దారి మళ్లించిన పాస్‌లు, చేయెత్తి ఎదుర్కొన్న షాట్లు, పాయింట్‌కు దారితీసిన స్క్రీన్లు కూడా ఇస్తారు. ఆరు పాయింట్లు చేసిన ఆటగాడికి 6.5 ఇవ్వాల్సి వస్తే మీ సాక్ష్యం అక్కడ దొరుకుతుంది.

ప్లస్ మైనస్‌ను (ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎన్ని పాయింట్లు పైన, కింద ఉందో చెప్పే అంకె) ఒక్క మ్యాచ్‌కు నమ్మకండి. మైనస్ 18 ఉన్నవాడు ఎదుటి జట్టులో మొదటి ఐదుగురు ఉన్నంతసేపూ ఆడి ఉండొచ్చు. ఎక్కడ వెతకాలో చెప్పడానికి మాత్రమే ఆ అంకె.

చివరి నిమిషాలు, ఒక్క తప్పు

చివరి అయిదు నిమిషాల్లో తేడా అయిదు పాయింట్లు లేదా అంతకు తక్కువైతే క్లచ్ అంటారు. అక్కడి తప్పు గుండెల్లో గుచ్చుకుంటుంది, అందుకే దానికి హద్దు పెట్టుకోవాలి. ఒక్క తప్పుకు ఒక్క మార్కు మించి కోయకూడదు. 2018 ఫైనల్స్ మొదటి మ్యాచ్ మనకు జూన్ 1 ఉదయం. స్కోరు 107-107, మిగిలింది 4.7 సెకన్లు. క్లీవ్‌లాండ్‌కు చెందిన జార్జ్ హిల్ రెండో ఫ్రీ త్రో తప్పాడు, జె.ఆర్. స్మిత్ రీబౌండ్ పట్టాడు, బుట్ట వైపు వెళ్లకుండా బయటకు డ్రిబుల్ చేశాడు, సమయం అయిపోయింది. ఓవర్‌టైమ్‌లో (అదనపు సమయంలో) 124-114తో క్లీవ్‌లాండ్‌కు ఓటమి. స్మిత్‌కు నిర్ణయానికి ఒక మార్కు పోతుంది, కానీ అంతమంది మధ్యలో ఆ రీబౌండ్ పట్టినందుకు అర మార్కు రావాలి. అదే జట్టులో, అదే మ్యాచ్‌లో లెబ్రాన్ జేమ్స్ 32 షాట్లకు 19, 51 పాయింట్లు, 8 రీబౌండ్లు, 8 అసిస్టులు (బుట్టకు దారితీసిన పాస్‌లు). ట్రూ షూటింగ్ 69.2 శాతం. జట్టు ఓడిందని 9.5 ఇవ్వడానికి చేయి ఆడకపోతే, మీరు దిద్దుతున్నది ఆటగాడి పేపరు కాదు, స్కోరుబోర్డు.

చివరి రెండు నిమిషాల్లో ఎప్పుడైనా తేడా మూడు పాయింట్లలోపు ఉన్న మ్యాచ్‌లకు లీగ్ మర్నాడు రిఫరీల నిర్ణయాల మీద నివేదిక ఇస్తుంది. ఆఖరి టర్నోవర్‌కు మార్కు కోశాక, అక్కడ అసలు ఫౌల్ జరిగిందని అందులో ఉంటే ఆ మార్కు తిరిగి ఇచ్చేయండి. సరిదిద్దినట్టు పక్కన రాయండి.

కూడి చూసుకోవడం

అందరి మార్కులూ అయ్యాక ఒక్కొక్కరి మార్కును నిమిషాలతో గుణించి, కూడి, మార్కు పడినవాళ్ల మొత్తం నిమిషాలతో భాగించండి. అందరికీ మార్కు పడి, ఓవర్‌టైమ్ లేకపోతే ఆ మొత్తం 240. నాలుగు పాయింట్లలోపు ఓటమికి సగటు 4.5 కంటే కిందకు పోతే మీరు కోపంతో దిద్దారు. 20 పాయింట్ల ఓటమికి 5 దాటితే జాలితో దిద్దారు. అప్పుడు అందరికీ సమానంగా కలపడం, తీయడం చేయకండి. అనుమానం ఉన్న ముగ్గురి వీడియో మాత్రం మళ్లీ చూడండి.

ప్రతి మార్కు పక్కన ఒక వాక్యం ఉండాలి, అందులో చూడగలిగే సంగతి ఒకటి ఉండాలి. "పట్టుదల లేదు" అని రాయకండి. "మూడో క్వార్టర్‌లో నాలుగుసార్లు వెనక్కి పరుగెత్తలేదు" అని రాయండి. మొదటిదానికి జవాబు లేదు, రెండోదాన్ని ఎవరైనా చూసి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు.

మన కోర్టులో అయితే

విశాఖలో స్థానిక టోర్నమెంట్లకు ఇదే పద్ధతి వాడాలంటే బాక్స్ స్కోర్ మీరే తయారుచేయాలి. ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి. ఒక్కరే రెండూ చేస్తే తల దించిన ప్రతిసారీ ఒక ఆట పోతుంది. పొడుగు నోటుబుక్కును అడ్డంగా తిప్పి, జెర్సీ నంబరుకో వరస, షాట్, త్రీ, ఫ్రీ త్రో, రెండు రకాల రీబౌండ్లు, అసిస్టు, టర్నోవర్, స్టీల్, ఫౌల్‌కు గడులు గీయండి. పడిన షాట్‌కు నిలువు గీత, పోయినదానికి సున్న. అంతర్జాతీయ నియమాల్లో ఆట 40 నిమిషాలు, అయిదు ఫౌళ్లకు ఆటగాడు బయటకు, కాబట్టి ఎనిమిది నిమిషాల హద్దును ఆరున్నరకు తగ్గించండి. ఆరుబయట కోర్టులో సముద్రపు గాలి తేమకు చేతులు జారతాయి, మే నెలలో మరీను. రెండు జట్లకూ అదే తేమ కాబట్టి మార్కుల్లో మినహాయింపు వద్దు. కానీ చెమట చేత్తో జెల్ పెన్ను రాత అలికిపోతుంది. పెన్సిలే వాడండి, ప్రతి క్వార్టర్ అవగానే స్కోరుబోర్డుతో మీ గీతలు సరిపోయాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి.